హెచ్‌ఎంటీ సంచి మీద ఒక రైతు పేరు: రైస్ మిల్లర్లకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల రైస్ మిల్లర్ల సంఘాల పెద్దలకు, బియ్యం వ్యాపారులకు, సంచుల మీద పేర్లు అచ్చు వేయించే ప్రతి సేటుకూ నమస్కారం.

నేను పెద్దపల్లి జిల్లాలో చెరువు కింద వరి పండించే రైతును. మీ కాంటాల మీద నా వడ్లు తూగాయి. మీ తేమ మిషన్ ముందు చేతులు కట్టుకుని నేనూ నిలబడ్డాను. తరుగు గురించో, హమాలీ చార్జీల గురించో గొడవ పెట్టుకోవడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ తగువు మనకు ప్రతి సీజన్‌లోనూ ఉండేదే, కల్లంలోనే తేల్చుకుందాం. ఇది చనిపోయిన ఒక రైతు గురించి. మీలో చాలామందికి ఆయన పేరు తెలియకపోవచ్చు. ఆయన ఏరి పెట్టిన గింజ మాత్రం ఏళ్ల తరబడి మీ మిల్లుల్లో ఆడుతూనే ఉంది.

ఆయన పేరు దాదాజీ రామాజీ ఖోబ్రాగడే. మీరు హెచ్‌ఎంటీ అని అమ్మే బియ్యం ఆయన పొలంలో పుట్టింది. 2018 జూన్ 3న, 79 ఏళ్ల వయసులో, పక్షవాతంతో చాలాకాలం బాధపడి గడ్చిరోలి జిల్లాలోని ఒక ఆసుపత్రిలో కన్నుమూశారు. రోహిణి కార్తె నడుస్తోంది అప్పుడు. రైతులంతా విత్తనం వడ్లు ఎండబోసుకుని, మబ్బు వైపు చూసే రోజులు. మరునాడు దేశమంతా పేపర్లలో వార్త వచ్చింది, నాయకులు సంతాపాలు చెప్పారు. మన బియ్యం బజార్లలో ఆ రోజు కూడా హెచ్‌ఎంటీ సంచులు దిగాయి, ఎక్కాయి. ఎవరిని తప్పు పట్టాలి? పేరే తెలియనివాడి కోసం దుకాణం ఎవరు మూస్తారు?

ఆయన ఊరు నాందేడ్. గురుద్వారా ఉన్న నాందేడ్ పట్నం కాదు, చంద్రపూర్ జిల్లా నాగభీడ్ తాలూకాలో అదే పేరున్న ఒక పల్లె. కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలెక్కిన వాళ్లకు ఆ వైపు కొత్తేమీ కాదు. బల్లార్షా దాటి గోందియా లైన్లో పోతే నాగభీడ్ జంక్షన్ వస్తుంది. చంద్రపూర్‌ను మన పెద్దలు చాందా అనేవారు. విదర్భ అనగానే మనకు పత్తి, అప్పులు, ఆత్మహత్యలు గుర్తొస్తాయి కానీ, దాని తూర్పు కొస మొత్తం వరి నేలే. చంద్రపూర్, గడ్చిరోలి, భండారా, గోందియా, నాలుగూ వడ్ల జిల్లాలు. మనకు కాకతీయుల చెరువులు ఉన్నట్టే వాళ్లకూ పాతకాలపు చెరువులు ఊరూరా ఉన్నాయి. ప్రాణహితకు ఈ ఒడ్డున మనం, ఆ ఒడ్డున వాళ్లు. అందుకే ఆయన గింజకు మన మడిలో కాలూనడం కష్టం కాలేదు.

దాదాజీ చదివింది మూడో తరగతి. దళిత కుటుంబం, రెండెకరాలు కూడా నిండని భూమి. 1983లో తన పొలంలో పటేల్-3 అనే రకం వేశారు. అది జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో డాక్టర్ జె.పి. పటేల్ తయారుచేసిన వంగడం, ఆ శాస్త్రవేత్త పేరే దానికి పెట్టారు. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను. పంట పండే వేళ పొలంలో తిరుగుతుంటే మూడు కంకులు మిగతా వాటికి భిన్నంగా కనిపించాయి. రంగు పసుపు తిరిగి, గింజ తేడాగా ఉంది.

మనమైతే ఏం చేసేవాళ్లం? విత్తనం కోసం పెంచే మడిలో వేరే తీరు కంకి కనిపిస్తే దాన్ని కేళీ అంటాం. గింజ గట్టిపడకముందే వేళ్లతో సహా పీకి గట్టు మీద పడేస్తాం. వ్యవసాయ అధికారి చెప్పేదీ అదే, విత్తన కంపెనీ మనిషి వచ్చి చూసేదీ అదే. ఆ లెక్కన కేళీలు తీయని రైతు సోమరిపోతు. నేనూ ఏళ్ల నుంచి పీకి పారేస్తూనే ఉన్నాను, ఇక ముందూ పారేస్తాను. అన్ని కేళీలూ హెచ్‌ఎంటీలు కావు కదా! వందలో తొంభై తొమ్మిది పనికిరానివే ఉంటాయి. ఆ ఒక్కటీ ఏదో పట్టుకునే కన్ను కావాలి. దాదాజీ ఆ మూడు కంకుల్నీ విడిగా కోసి, ప్లాస్టిక్ కవర్లో వేసి ఇంట్లో దాచుకున్నారు.

మరుసటి ఏడు ఆ గింజల్ని పొలం నడి మధ్యన విత్తారు. అంచున వేస్తే అడవి పందులు వదలవు. చుట్టూ ముళ్లకంప కట్టారు. ఒక్కసారి ఆ దృశ్యం ఊహించుకోండి. ఎకరంన్నర భూమి ఉన్న మనిషి, తిండిగింజలు పండాల్సిన చోట, గుప్పెడు గింజల కోసం కంచె కట్టి కాపలా కాస్తున్నాడు. పక్కవాళ్లు ఏమనుకుని ఉంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. వరి తన పుప్పొడితోనే గింజ కట్టుకుంటుంది కాబట్టి పక్క మడి నుంచి కలిసేది చాలా తక్కువ. మంచి కంకినే మళ్లీ మళ్లీ ఏరి విత్తుకుంటూ పోతే కొన్ని పంటలకు రకం నిలబడుతుంది. చెప్పడానికి ఇది రెండు వాక్యాల పని. చేయడానికి మాత్రం ప్రతి పంటలోనూ ఒక్కో కంకినీ చేత్తో పట్టి చూడాలి, ఎత్తు తేడా వచ్చిన దాన్ని తీసేయాలి, గింజ లావైన దాన్ని పక్కన పెట్టాలి, ఏ కవర్లో ఏది దాచామో మరిచిపోకూడదు. కైకిలికి పోయి వచ్చిన ఒంటితో ఈ పని చేయాలి. దీనికి జీతం లేదు, ల్యాబ్ లేదు, రాసిపెట్టే గుమాస్తా లేడు. 1988 నాటికి కాస్త పెద్ద చెక్కలో వేసేంత విత్తనం చేతికొచ్చింది. వండి చూస్తే అన్నం పటేల్-3 కన్నా బాగుంది. గింజ చిన్నది, సన్నది, వాసనా మేలు.

ఇక్కడి నుంచి కథలోకి మీ వర్గం వస్తుంది. 1990లో ఆ ఊళ్లోనే ఒక పెద్ద రైతు ఆయన దగ్గర 150 కిలోల విత్తనం తీసుకుని నాలుగు ఎకరాల్లో వేశాడు. 50 క్వింటాళ్లు పండాయి. బజారుకు తోలితే వ్యాపారి గింజ చూసి ముచ్చటపడ్డాడు. రకం పేరేమిటని అడిగితే పేరు లేదు. పేరు లేని సరుకు అమ్మేదెట్లా? ఆ రోజుల్లో హెచ్‌ఎంటీ వాచీ అంటే మోజు. వ్యాపారి వడ్లకు ఆ పేరే తగిలించాడు. అంతే. ఐదేళ్లు కంచె కట్టి సాకిన పంటకు ఒక కొనుగోలుదారు నిమిషంలో పేరు పెట్టాడు.

ఆ వ్యాపారిని నేను నిందించడం లేదు. వ్యాపారికి చటుక్కున నోట్లో తిరిగే పేరు కావాలి. అప్పట్లో మన ఇళ్లల్లో కూడా అల్లుడికి కట్నంతో పాటు హెచ్‌ఎంటీ వాచీ పెట్టడం ఒక హోదా. పదో తరగతి పాసైన కొడుక్కి నాన్న కొనిచ్చే మొదటి ఖరీదైన వస్తువు అదే. 1961లో బెంగళూరులో తయారీ మొదలైన ఆ ప్రభుత్వ కంపెనీ గడియారాల్లో 'సోనా' అని ఒక మోడల్ కూడా ఉండేది. హెచ్‌ఎంటీ సోనా అని మీరు సంచుల మీద వేసేటప్పుడు అదేదో సోనా మసూరికి చుట్టం అనుకునేవాళ్లే ఎక్కువ. విడ్డూరం ఏమిటంటే, ఆ వాచీల కంపెనీని మూసేయడానికి కేంద్రం 2016లో ఒప్పుకుంది. రెండేళ్లకు దాదాజీ పోయారు. గడియారం ఆగిపోయింది, మనిషి పోయాడు, బియ్యం మాత్రం ఇంటింటా ఉడుకుతూనే ఉంది. ఆ బియ్యం మీద ఇప్పటికీ ఉన్నది వాచీ పేరే.

వ్యాపారి అమాయకంగా పెట్టిన పేరు ఒక ఎత్తు. తర్వాత జరిగింది వేరు. 1994లో అకోలాలోని పంజాబ్‌రావు దేశ్‌ముఖ్ కృషి విద్యాపీఠ్ వాళ్లు ప్రయోగాల కోసమని దాదాజీ దగ్గర ఐదు కిలోల విత్తనం తీసుకున్నారు. 1998లో పీకేవీ-హెచ్‌ఎంటీ పేరుతో తమ వంగడంగా విడుదల చేశారు. రైతు దగ్గరున్నది కలగలుపు విత్తనం, మేం శుద్ధి చేసి నిలకడ తెచ్చాం అన్నది విద్యాపీఠం మాట. శుద్ధి చేసి ఉండొచ్చు. అదీ పనే, తక్కువ చేయను. కానీ శుద్ధి చేసినవాడి పేరు ముందు చేరి, కనిపెట్టినవాడి పేరు ఎక్కడా లేకపోవడం ఏ న్యాయం? ఇద్దరి పేర్లూ రాస్తే కాగితం చిరుగుతుందా?

ఈలోగా ఇంట్లో వైద్యం ఖర్చులకు ఉన్న భూమి అమ్ముకోవలసి వచ్చింది. లక్ష ఎకరాలకు పైగా పాకిన రకానికి తండ్రి అయిన మనిషి కూలికి పోయాడు. ఒక బంధువు ఇచ్చిన చిన్న చెక్కలోనే మళ్లీ కంకులు ఏరడం మొదలుపెట్టారు. నాకు ఈయన కథలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. కోపం రావాల్సినవాడికి కోపం వచ్చే ఉంటుంది, అయినా పని ఆపలేదు. నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ వాళ్లు ఆయన్ను వెతికి పట్టుకున్నాక 2005లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం చేతుల మీదుగా అవార్డు అందుకున్నారు. 2010లో ఫోర్బ్స్ పత్రిక గ్రామీణ భారత పారిశ్రామికవేత్తల్లో అత్యంత శక్తిమంతుల జాబితాలో ఆయన పేరు వేసింది. ఇంటి గోడ మీద ఫోటోలు పెరిగాయి. జబ్బు పడ్డప్పుడు మాత్రం కుటుంబం సాయం కోసం చేయి చాచాల్సి వచ్చింది.

హెచ్‌ఎంటీ ఒక్కటే కాదు, ఆ తర్వాత మరో ఏడెనిమిది రకాలు తీశారాయన. ఈసారి పేర్లు పెట్టే పని బజారుకు వదల్లేదు. నాందేడ్-92, నాందేడ్ హీరా, నాందేడ్ చిన్నోర్, విజయ్ నాందేడ్, దీపక్ రత్న. తన ఊరి పేరు ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. ఒకదానికైతే డీఆర్‌కే అని తన పేరులోని పొడి అక్షరాలే పెట్టుకున్నారు. మొదటి బిడ్డకు ఎవరో దారిన పోయేవాళ్లు పేరు పెడితే, మిగతా బిడ్డలకు తానే దగ్గరుండి పేరు పెట్టుకున్న తండ్రి తీరు ఇది. పేరు అక్కర్లేని మనిషి కాదాయన. "రైతుకు పేరెందుకండీ, పంట చాలదా" అని మీలో ఎవరైనా అంటే, ఈ జాబితా చదివి వినిపించండి.

పటేల్-3 దగ్గరికి మళ్లీ వస్తానన్నాను. తల్లి రకానికి శాస్త్రవేత్త పేరు, పిల్ల రకానికి గడియారం పేరు. మన దగ్గర మాత్రం తక్కువా? బీపీటీ 5204లో బాపట్ల ఉంది. ఎంటీయూ 1010లో మారుటేరు ఉంది. జేజీఎల్ అంటే జగిత్యాల, ఎన్ఎల్ఆర్ అంటే నెల్లూరు, కేఎన్ఎం అంటే కూనారం, ఆర్‌ఎన్‌ఆర్ 15048లో రాజేంద్రనగర్. పరిశోధన కేంద్రం ఉన్న ప్రతి ఊరూ రైతు నోట్లో నానుతోంది, చాలా సంతోషం. ఆ కేంద్రాల్లో ఎండలో నిలబడి పని చేసినవాళ్లు నాకు తెలుసు, వాళ్లకు దండం పెడతాను. సాంబ మసూరి లేకపోతే ఈ రెండు రాష్ట్రాల్లో పెళ్లి భోజనమే లేదు. కానీ రైతే కనిపెట్టిన రకం మన వంటింటి దాకా వచ్చినప్పుడు, ఆ ఊరి పేరుగానీ ఆ మనిషి పేరుగానీ ఒక్క అక్షరం కూడా వెంట రాలేదు. అందుకే మీ దగ్గరికి వచ్చాను.

నేను అడిగేది ఒకటే. మీరు హెచ్‌ఎంటీ అని అమ్మే ప్రతి సంచి మీద, రకం పేరు కింద ఒక్క వరుస వేయించండి:

"ఈ వరి రకాన్ని కనిపెట్టిన రైతు: దాదాజీ రామాజీ ఖోబ్రాగడే, నాందేడ్ గ్రామం, చంద్రపూర్ జిల్లా."

ఇంతకు మించి ఏమీ వద్దు. ఫోటో వద్దు, పద్యం వద్దు, "అన్నదాతా సుఖీభవ" అని రాసి పక్కన తలపాగా బొమ్మ వేయొద్దు. పేరు, ఊరు. ప్యాకింగ్ తేదీ ఎంత సైజులో ఉంటుందో కనీసం అంత సైజులో, తెలుగులో.

ప్రభుత్వాన్ని అడగకుండా మిమ్మల్ని ఎందుకు అడుగుతున్నావంటారా? ప్రభుత్వాలు ఇవ్వాల్సిన శాలువాలు ఇచ్చేశాయి, ఇవ్వనివి ఇక ఇవ్వవు. విశ్వవిద్యాలయం పాతికేళ్లు దాటిన ఫైలు తెరిచి దిద్దుకుంటుందని నాకు ఆశ లేదు. ఈ గింజకు పేరు పెట్టింది బజారు. దిద్దగలిగేదీ బజారే. పైగా మీకు ఏ కమిటీ అనుమతీ అక్కర్లేదు. సంచి మీది, అచ్చు మీది. డిజైన్ చేసే కుర్రాడికి ఒక ఫోన్ కొడితే అరగంట పని.

సంచి మీద చోటు లేదని మాత్రం అనకండి. నా ఇంట్లో ఇప్పుడున్న సంచిని ముందు పెట్టుకునే రాస్తున్నాను. ఒక దేవత, రెండు వరి కంకులు, ఒక నెమలి. వెనక వైపు మళ్లీ అదే దేవత. 'సార్టెక్స్ క్లీన్డ్', 'ప్రీమియం క్వాలిటీ', 'పాత బియ్యం', నాలుగు ఫోన్ నంబర్లు, అందులో రెండు పని చేయవు. బ్రాండ్ పేరు మూడు భాషల్లో. ఇన్నింటికి చోటుంది. ఇంకో మాట. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి ఐదు శాతం జీఎస్టీ పెడితే, మీరు నెల తిరక్కముందే 26 కిలోల సంచులు దింపారు. అచ్చులన్నీ మార్చారు, తూకం మిషన్లు సరిచేసుకున్నారు, కొత్త సంచులు కుట్టించారు. ఒక్క కిలో కోసం ఇంత చురుగ్గా కదిలినవాళ్లకు ఒక్క వరుస బరువా?

ఇప్పుడు అసలు ఇబ్బంది దగ్గరికి వద్దాం. మీరు పైకి చెప్పకపోయినా నాకు తెలుసు, నా తోటి రైతులకూ తెలుసు. హెచ్‌ఎంటీ అని రాసి ఉన్న ప్రతి సంచిలోనూ హెచ్‌ఎంటీ ఉండదు. గింజ పొడవు సరిపోయిన సన్నాలన్నీ ఆ పేరు మీద పోతాయి. ఆడవాళ్లు దుకాణంలో గుప్పెడు తీసుకుని, అరచేతిలో పరిచి, నాలుగు గింజలు పంటి కింద వేసి చూసి, "ఇది హెచ్‌ఎంటీ కాదు, పోయినసారి ఇచ్చింది వేరు" అని మొహం మీదే చెప్పడం నేను చూశాను. మరి దాదాజీ పేరు వేసి, లోపల వేరే బియ్యం పోస్తే అది చనిపోయిన మనిషికి చేసే రెండో అన్యాయం. కాబట్టి నా మాట ఇది: నిజంగా హెచ్‌ఎంటీ వడ్లే ఆడించిన సంచి మీదే ఆ వరుస వేయండి. కలిపిన దాని మీద వేయకండి. "అట్లా అయితే వరుస లేని సంచిని జనం అనుమానిస్తారు కదా" అంటారా? అనుమానించనివ్వండి! నిక్కచ్చిగా అమ్మే సేటుకు అది లాభమే. మీలో అట్లాంటి వాళ్లు ఉన్నారు, వాళ్లనే ఉద్దేశించి ముందుగా రాస్తున్నాను. పదిమంది మొదలుపెడితే చాలు.

విత్తనం సంగతి కూడా ఉంది. ఇన్నేళ్లలో ఆ గింజ ఎన్నో చేతులు మారింది. ఇవాళ విత్తనాల దుకాణంలో హెచ్‌ఎంటీ పేరుతో దొరికేదంతా ఆ మూడు కంకుల నుంచి అచ్చంగా దిగివచ్చిందని నేను సర్టిఫికెట్ ఇవ్వలేను, మీరూ ఇవ్వలేరు. అందుకే ఆ వరుసలో "ఈ బియ్యం దాదాజీది" అని లేదు, "ఈ రకాన్ని కనిపెట్టిన రైతు" అని ఉంది. ఆ మాట నిలబడుతుంది.

ఒక హెచ్చరిక. దయచేసి దీన్ని బ్రాండ్ చేయకండి. ఈ ఉత్తరం చదివి ఎవరో ఒకరు "దాదాజీ గోల్డ్" అని రిజిస్టర్ చేయించి, వచ్చే పండక్కి హోర్డింగులు పెడతారని నాకు లోపల భయంగానే ఉంది. పేరు అందరిదీ కావాలి, అన్ని బ్రాండ్ల సంచుల మీదా ఒకే తీరున ఉండాలి. అచ్చు వేసే ముందు ఆయన కుటుంబానికి మీ సంఘం తరఫున ఒక మనిషిని పంపి, ఇట్లా వేయాలనుకుంటున్నాం, మీకు సమ్మతమేనా అని అడగండి. చట్టం అడగమన్నా అనకపోయినా అడగండి. 1994లో విత్తనం తీసుకున్నవాళ్లు చేయని పని అదే.

చట్టం అంటే గుర్తొచ్చింది. మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 2001లో వచ్చింది. దాని 39వ సెక్షన్ ప్రకారం కొత్త రకం తీసిన రైతుకు కూడా శాస్త్రవేత్తతో సమానంగా రిజిస్ట్రేషన్ హక్కు ఉంది, రైతు ఫీజు కట్టక్కర్లేదు. విత్తనం దాచుకోవడం, మళ్లీ విత్తుకోవడం, పక్క రైతుతో మార్చుకోవడం, బ్రాండ్ వేయకుండా అమ్ముకోవడం కూడా రైతు హక్కులే. దాదాజీ కంకులు ఏరింది దానికి 18 ఏళ్ల ముందు, విద్యాపీఠం రకం విడుదల చేసింది మూడేళ్ల ముందు. ఆయన విషయంలో చట్టం ఆలస్యంగా వచ్చింది. ఇప్పుడు మన ఊళ్లల్లో కంకులు ఏరేవాళ్ల విషయంలో ఆలస్యం కాలేదు. అట్లాంటి రైతు వింత గింజ పట్టుకుని మొట్టమొదట ఎవరి దగ్గరికి వస్తాడో తెలుసా? వ్యవసాయ ఆఫీసుకు రాడు. మీ దగ్గరికే వస్తాడు, "సేటూ, ఇది ఆడించి చూడు, నూక ఎంత పోతుందో చెప్పు" అని. అప్పుడు మీకు నోటికొచ్చిన సినిమా పేరో, ఫోన్ పేరో తగిలించకుండా, "నీ పేరేంది, ఏ ఊరు, ఏ సంవత్సరం దొరికింది" అని ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి అతని చేతికివ్వండి. రేపు ఢిల్లీలో దరఖాస్తు పెట్టుకోవాల్సి వస్తే ఆ కాగితం అతనికి సాక్ష్యం.

డబ్బు అడుగుతానని ఎదురు చూస్తున్నారేమో, అడగడం లేదు. క్వింటాకు రూపాయి చొప్పున నిధి పెట్టండి అని రాసి, కొట్టేశాను. నిధి అంటే కమిటీ, కమిటీ అంటే అధ్యక్షుడు, ఆ తర్వాత ఏమవుతుందో మీకూ నాకూ తెలుసు. సంఘంగా కాకుండా ఎవరికి వారు ఏదైనా చేయాలనుకుంటే ఎవరూ అడ్డురారు.

కొందరు మిత్రులు నన్ను ఇంకోలా దెప్పారు. కొనేవాళ్లు సంచి చదువుతారా, ధర చూసి ఎత్తుకుపోతారు కానీ అని. చదువుతారు. ఖాళీ సంచి మన ఇళ్లల్లో ఎన్నేళ్లు బతుకుతుందో ఆలోచించండి. దాన్నే గుమ్మం ముందు పరుస్తాం, మిరపకాయలు ఆరబోస్తాం, బస్సులో సామాను మూట కడతాం, వానకు నెత్తిన కప్పుకుంటాం. బడి పిల్లలు అక్షరాలు కూడబలుక్కుని మొదట చదివేవి ఇట్లాంటి సంచులే. ఏ పాఠ్యపుస్తకంలో వేసినా ఆ పేరు అన్ని ఇళ్లకు పోదు. ఇప్పుడు తెలంగాణలో సన్నాలకు ప్రభుత్వం క్వింటాకు 500 బోనస్ ఇస్తోంది, రేషన్‌లోనూ సన్నబియ్యం వస్తున్నాయి. సన్నగింజకు ఇంత గిరాకీ ఉన్న కాలంలో, ఆ గింజను మడిలో నిలబడి పట్టుకున్న ఒక మనిషి ఉన్నాడని చెప్పడానికి ఇంతకన్నా అదను దొరకదు.

వానకాలం వడ్లు దీపావళి దాటాక మీ గేట్ల ముందు బారులు తీరతాయి. కొత్త సంచుల ఆర్డర్ మీరు దానికి నెలన్నర ముందే ఇస్తారని నాకు తెలుసు. కాబట్టి దసరాలోపు సంఘం సమావేశంలో ఈ సంగతి ఒక్కసారి ఎత్తండి. కుదరదంటే కుదరదని చెప్పండి, ఎందుకు కుదరదో కూడా చెప్పండి. మీ సమావేశానికి పిలిస్తే నా ఖర్చులతో నేనే వస్తాను, వచ్చేటప్పుడు రెండు కిలోల హెచ్‌ఎంటీ తెస్తాను, వండించుకుని తిని మాట్లాడుకుందాం.

అచ్చుకు ఇచ్చే ముందు ఇంటిపేరు సరిచూసుకోండి. మరాఠీలో ఉన్నది ఖోబ్రాగడే. 'బ్రా'కు దీర్ఘం ఉంది, 'గ'కు లేదు. సంచులు లక్షల్లో అచ్చవుతాయి, తప్పు పడితే వచ్చే సీజన్ దాకా దిద్దడం కుదరదు.

ఇట్లు,
హెచ్‌ఎంటీ పండించి, అదే వండుకు తినే ఒక రైతు,
పెద్దపల్లి జిల్లా